గుర్దా కోసే ముందు ఒక తుక్‌డా

మా ఖాలా ఎడమ గుర్దాలో ఏడు సెంటీమీటర్ల గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలింది. మొదట చూసిన సర్జన్ సాబ్ "కిడ్నీ తీసెయ్యాలి, వచ్చే వారమే" అన్నారు. ఆయన మాటలోనూ దమ్ముంది. గుర్దాలో గట్టి గడ్డ కనిపిస్తే ఎక్కువసార్లు అది గుర్దా కణాల్లోనే పుట్టిన సర్తాన్ అవుతుంది. దాన్ని చాలామందికి సూది పరీక్ష లేకుండానే ఆపరేషన్ చేసి తీసేస్తారు.

ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినందుకు, ఖాందాన్‌లో ఎవరికి జబ్బు చేసినా తర్జుమా పని నాదే. డాక్టర్లు ఇంగ్లీషులో, నర్సమ్మలు తెలుగులో, ఖాలా దఖ్నీలో. మా ఇళ్లలో కేన్సర్ అనే మాట ఎవరూ నోటితో అనరు. "వో మర్జ్" అంటారు, అంతే.

ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఫిల్ములకన్నా ముందు ఖాలాను చూశారు. సాయంత్రమైతే బుఖార్ వస్తోందా? రాత్రిళ్లు చెమటతో బట్టలు తడుస్తున్నాయా? బరువు తగ్గిందా? మూడింటికీ ఖాలా "హౌ" అంది. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. ఆ తర్వాత ఫిల్ములు చూసి, గడ్డకు రంగుమందు సరిగా పట్టలేదన్నారు. "కోసే ముందు చిన్న ముక్క తీసి చూద్దాం."

ఇంట్లో హంగామా. సూది గుచ్చితే మర్జ్ ఒళ్లంతా పాకుతుందని మామూ కూర్చోనివ్వలేదు. ఖాలా కూడా "నక్కో బేటా, సుయీ నక్కో" అంది. సూది దారిలో పాకడం చాలా అరుదని డాక్టరు చెప్పింది చెప్పినట్టు దఖ్నీలో చెప్పడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. గుర్దా ఒకసారి పోతే వాపస్ రాదు. ఈ సవాల్ ఆపరేషన్‌కు ముందే అడగాలి, తర్వాత కాదు.

రిపోర్టు రెండు విడతలుగా వచ్చింది. మొదటిదాంట్లో లింఫోమా అని అనుమానం. కణాలకు రంగులద్ది చేసే రెండో పరీక్షలో సీడీ20 పాజిటివ్. పేరు చాంతాడంత: డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా. మామూలుగా గుర్దాకు సొంత లింఫ్ కణజాలం ఉండదు. మరి అక్కడ ఇది ఎలా పుడుతుందన్నది వైద్యుల్లోనే బహస్. ఎక్కువసార్లు వేరేచోటి నుంచి వస్తుంది. అందుకే పెట్ స్కాన్ తీశారు, ఎముక మజ్జ చూశారు. ఇంకెక్కడా లేదు.

ఇలాజ్ కత్తితో కాదు, మందుతో. ఆర్-చాప్ అంటారు. 21 రోజులకోసారి, ఆరు సార్లు. మొదలుపెట్టే ముందు గుండెకు ఎకో, కామెర్ల వైరస్ హెపటైటిస్ బీకి రక్తపరీక్ష. ఒక మందు గుండెను దెబ్బతీయొచ్చు, ఇంకోటి నిద్రపోతున్న ఆ వైరస్‌ను లేపొచ్చు. పేరులో 'ఆర్' రిటుక్సిమాబ్. అమెరికాలో 1997లో అనుమతి వచ్చిన ఈ మందును 2007లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తక్కువ ధరకు తెచ్చింది. ఆ బిల్లు చూసినప్పుడే ఈ సంగతి విలువ తెలుస్తుంది.

మొదటి కీమో రోజు రాత్రి ఖాలా బాత్‌రూమ్ నుంచి "ఖూన్!" అని కేకేసింది. ఖూన్ కాదు, ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ రంగు పేషాబ్‌లో దిగుతుంది. ఈ చిన్న ముక్క మాకెవరూ ముందు చెప్పలేదు. చెబితే ఆ రాత్రి ఇల్లంతా మేలుకునేది కాదు.

మూడో కీమోకు బుఖార్ పోయింది. 2.4 ఉన్న క్రియాటినిన్ 1.1కి దిగింది. జుట్టు రాలింది. దుపట్టా కింద ఎవరికి తెలుస్తుందని ఖాలా నవ్వేసింది. ధైర్యాన్ని ఉర్దూలో 'దిల్ గుర్దా' అంటాం కదా, నర్సమ్మ మెచ్చుకుంటే, "దిల్ ఒకటే అమ్మా, గుర్దాలు మాత్రం రెండూ ఉన్నాయి" అంది, తన తెలుగులో.

ఆరో కీమో తర్వాత పెట్ స్కాన్ సాఫ్‌గా వచ్చింది. ఇప్పుడు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. రిపోర్టుల సంచీ నా దగ్గరే ఉంది, వచ్చే తారీఖు శవ్వాల్ నెలలో పడింది.