చుక్క తరువాతి అంకె

గుమాస్తా పనిలో ఉన్నవారికి నంబరంటే ఒక భక్తి. వచ్చిన ఉత్తరానికి నంబరు, పోయిన ఉత్తరానికి నంబరు. బెంగుళూరులో మా ఆఫీసు కంప్యూటర్లు లినక్సు మీద నడుస్తాయి. వాటిలోని ప్యాకేజీల నంబర్లు చూస్తే మాకు సొంత రిజిస్టరు చూచినట్టే ఉంటుంది.

డెబియన్ పద్ధతిలో ఒక ప్యాకేజీకి 1.9-2 అని ఉన్నదనుకోండి. అడ్డగీతకు ముందున్నది ప్రోగ్రాము వ్రాసినవారు పెట్టిన వెర్షను. అది వారి ఇష్టం. 2011లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సుకు 2.6.39 తరువాత ఏకంగా 3.0 అన్నారు. గీత తరువాతి 2 ప్యాకేజీ కట్టినవారిది. ఫెడోరావారు దానిని రిలీజు అంటారు. ప్రోగ్రాము మారక కట్టుబడి మాత్రం దిద్దితే అది 3 అవుతుంది. కొత్త వెర్షను రాగానే మళ్లీ 1.

1.9 తరువాత 1.10 రావడం చూచి మా సెక్షనులో ఒకాయన "వెనక్కి పోయిందేమండీ?" అన్నారు. (కన్నడంలోనే అడిగారు లెండి.) ఆయన రూపాయల లెక్కన చదివారు: ఒకటీ తొంభై కంటె ఒకటీ పది తక్కువ గదా! ఇక్కడ చుక్క దశాంశం కాదు. తొమ్మిదో కాగితం తరువాత పదో కాగితం, అంతే.

ఇంత పట్టింపెందుకని మా ఇంట్లో వారి ప్రశ్న. ఏది కొత్తదో యంత్రానికి తెలియదు. ఏ నంబరు పెద్దదో మాత్రమే తెలుసు. దొంగలు దూరే కన్నం పూడ్చిన ప్యాకేజీకి చిన్న నంబరు పడితే, "కొత్తవేమీ లేవు" అని చెప్పి ఊరుకుంటుంది. జీతాల బిల్లులున్న యంత్రమైనా సరే, కన్నం అట్లాగే ఉంటుంది.

పరీక్షకు ముందుగా ఇచ్చినదానిని 1.0~ఆర్‌సి1 అంటారు. ఆ అలగీత ఉన్నందుననే అది 1.0 కంటె చిన్నదవుతుంది. గీత మరచితే అసలు 1.0 కంటె పెద్దదై కూర్చుంటుంది. తీరా అసలుది వచ్చినా ఎక్కదు.

ఇంకొక తంటా తేదీలతో. కొందరు 20240115 అని తేదీనే నంబరు చేస్తారు. తరువాత మనసు మారి 1.0 అంటారు. రెండు కోట్ల చిల్లర ముందు ఒకటి ఎంత? అప్పుడు 1:1.0 అని ముందొక అంకె తగిలించాలి. దాని పేరు ఎపోక్, శకం మార్చడమన్నమాట. ఒకసారి పెట్టిన శకాన్ని తీసివేయడానికి లేదు. తీస్తే నంబరు మళ్లీ వెనక్కి పోతుంది. మొదటే 0.20240115 అని ఉంటే ఈ గొడవే లేదు. ఒక సున్నకు పిసినారితనమెందుకో మాకు తెలియదు.

ఈ పనిలోనే ఉన్న మా మేనల్లుడు ప్యాకేజీ పంపే ముందు పాత నంబరూ కొత్త నంబరూ ఇచ్చి, ఏది పెద్దదని డిపికెజినే అడుగుతాడు. "కంటితో చూస్తే చాలదురా?" అన్నాము. "నేను చూసి ఏం లాభం మామయ్యా, తేల్చేది అదే గదా!" అన్నాడు.