వాటర్ బాటిల్ నిండుగానే తిరిగి వస్తోందా?



పిల్లలు సాయంత్రం బడి నుంచి రాగానే మీరు మొదట ఏం చూస్తారు? డైరీ చూస్తారు, తర్వాత టిఫిన్ బాక్స్ తెరుస్తారు. వాటర్ బాటిల్ చూసేవాళ్ళు తక్కువ. మా ఐదో తరగతిలో ఒక బాబు వాళ్ళ అమ్మ చూశారు. పొద్దున నింపి పంపిన బాటిల్ మూడు రోజులు వరుసగా నిండుగానే తిరిగి వచ్చింది. నాకు ఫోన్ చేసి, "మేడం, మా వోడు బళ్ళె నీళ్ళే తాగుతలేడు. ఏమన్న అయిందా?" అని అడిగారు. ఆమె అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఆ సంగతి మీతో పంచుకుంటున్నాను.

మర్నాడు బాబును పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. నీళ్ళు తాగితే వాష్‌రూమ్‌కు పోవాలి. అది కారిడార్ చివర ఉంది. చివరికి చిన్నగా అన్నాడు, "అక్కడ పశుపతి ఉంటడు టీచర్."

ఆదివారం వాళ్ళ పెదనాన్న ఇంట్లో అన్న ఫోన్‌లో 'అరుంధతి' చూశాడట. లైట్ ఆర్పి, దుప్పటి కప్పుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాడు. ఇంట్లో చెబితే అన్నకు తిట్లు పడతాయని ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. సోమవారమే వాడు వాష్‌రూమ్‌కు తోడు పంపమని అడిగాడు. నేను పాఠం తొందరలో ఉండి, "దయ్యాలూ లేవు, ఏమీ లేవు, వెళ్ళు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను చెప్పింది నిజమే. కానీ దానివల్ల వాడి భయం పోలేదు. దాన్ని బయటికి చెప్పుకునే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ రోజు నుంచే నీళ్ళు తాగడం మానేశాడు.

'అరుంధతి' 2009 సంక్రాంతికి విడుదలైంది. అప్పుడు నేను ఆరో తరగతి. నాయనమ్మ, నాన్న, నేను కలిసి మహబూబ్‌నగర్‌లో మొదటి ఆటకు వెళ్ళాం. తెర మీద బొమ్మకన్నా హాల్లో జనమే నాకు ఎక్కువ గుర్తు. మొదట్లో ఈలలు వేసిన కుర్రాళ్ళే, సమాధి బద్దలయ్యేసరికి కుర్చీల్లో ముడుచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ సందులోంచే చూశారు. ఎవరో గట్టిగా అరిస్తే, ఆ అరుపుకు హాలంతా నవ్వింది.

బయటికొచ్చాక తెలిసింది, మేం ముగ్గురం మూడు సినిమాలు చూశామని. నాన్న గ్రాఫిక్స్ గురించి మాట్లాడాడు. నాయనమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, "ఆడిపిల్ల ఎట్ల నిలబడ్డది చూసినవా?" అంది. ఆమెకది దయ్యం సినిమా కాదు, అమ్మవారి కథ. 'అమ్మోరు' తీసిన కోడి రామకృష్ణ, శ్యాంప్రసాద్ రెడ్డిలే దీన్నీ తీశారని నాన్న చెబితే "అందుకే" అని తలూపింది. నాకు కనిపించింది ఆ పాడుబడిన బంగళా ఒక్కటే. ఆ రాత్రి నాయనమ్మ పక్కన పడుకుని, ఆమె చెప్పిన జేజమ్మ కథ మళ్ళీ విన్నాను. ఆమె నోట విన్నప్పుడు పశుపతి చిన్నవాడైపోయాడు, జేజమ్మ పెద్దదైంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

మా విద్యార్థి చూసింది కూడా అదే సినిమా. కానీ వాడి చుట్టూ అరిచి నవ్వించేవాళ్ళు లేరు. నడిచి ఇంటికి వచ్చేటప్పుడు మాట్లాడేవాళ్ళు లేరు. కథ మళ్ళీ చెప్పే నాయనమ్మ లేదు. చెవుల్లోకి నేరుగా వచ్చే ఆ గొంతు, వాడు, ఇద్దరే ఉన్నారు.

ఈ గొడవ ఇంకో అమ్మాయికీ తగిలింది. ఆమె అమ్మమ్మవాళ్ళది గద్వాల. సినిమాలో కథ గద్వాల సంస్థానంలో జరుగుతుంది కదా, అందుకని పిల్లలు "మీ ఊర్ల దయ్యం కోట ఉన్నదంట" అని ఆటపట్టించారు. పాపం, ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఆ జవాబు పెద్దవాళ్ళం మనం ఇవ్వాలి.

కథ కల్పితం. తెర మీద మనం భయపడిన ఆ బంగళా గద్వాలది కానే కాదు. అది బనగానపల్లెలోని నవాబుల బంగళా. ఇప్పుడు దాన్ని అందరూ 'అరుంధతి బంగళా' అనే పిలుస్తున్నారు, చూడడానికి జనం వెళ్తున్నారు. గద్వాల కోటలో ఏముంది? చెన్నకేశవస్వామి గుడి ఉంది. మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. బీఎడ్ చదివేటప్పుడు స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళి ఆ కోట చూశాను. చిన్నప్పటి భయం కొంచెం మిగిలే ఉంది కాబట్టి గుండె గట్టి చేసుకునే లోపలికి వెళ్ళాను. బ్యాగులు వేసుకుని పరీక్షల గురించి మాట్లాడుకుంటూ పోతున్న అమ్మాయిలు ఎదురొచ్చారు. నవ్వొచ్చింది.

క్లాసులో ఈ సంగతులన్నీ చెప్పాను. పశుపతిగా నటించిన సోనూ సూద్ ఫొటో చూపించాను. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంత ఊళ్ళకు చేర్చడానికి బస్సులు ఏర్పాటు చేసిన మనిషి ఈయనే అన్నాను. పాలమూరు పిల్లలకు వలస అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. సిద్దిపేట జిల్లాలోని ఒక తండాలో ఆయనకు గుడి కూడా కట్టారు. పైగా మనల్ని వణికించిన ఆ గొంతు ఆయనది కాదు, డబ్బింగ్ చెప్పిన రవిశంకర్‌ది. ఆ సినిమా తర్వాత ఆయన పేరే 'బొమ్మాళి రవిశంకర్' అయింది. "అంటే దయ్యానికి ఇద్దరు మనుషులు కావాల్నా టీచర్?" అని ఒకరు అడిగారు. ఆ వారంలో మా బాబు మొదటిసారి నవ్వాడు.

తర్వాత ఒక ఆట ఆడాం. అందరూ కళ్ళు మూసుకున్నారు. బాబును పక్క గదిలోకి పంపి, బెంచీని మెల్లగా నేల మీద ఈడ్వమన్నాను. కిర్రుమనగానే సగం క్లాసు కేకలు పెట్టింది. తలుపు తీసి చూస్తే మా బాబు! భయపెట్టే శబ్దాన్ని తన చేతులతో చేశాక, ఆ శబ్దం వాడికి కొంచెం లోకువైంది. పూర్తిగా కాదు. ఇప్పటికీ స్నేహితుణ్ణి తోడు తీసుకునే వెళ్తాడు, పంపిస్తున్నాను. కారిడార్ చివర ట్యూబ్‌లైట్ కూడా మార్పించాం. బాటిల్ ఖాళీగా వస్తోందని వాళ్ళ అమ్మ మెసేజ్ పెట్టారు.

ఇది ఒక్క సినిమా సంగతి కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల మీద దాడి చేసిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మాట్లాడకుండా వదిలేసిన భయం పెద్దయ్యాక ఎటు పోతుందో చెప్పలేం. అందుకే మీకు కొన్ని విన్నపాలు.

సినిమా మొదట్లో వచ్చే సర్టిఫికెట్ చూడండి. ఇప్పుడు యూఏలో 7+, 13+, 16+ అని వయసు విడివిడిగా వేస్తున్నారు. ఓటీటీల్లోనూ వయసు గుర్తు ఉంటుంది, పేరెంటల్ లాక్ పెట్టుకోవచ్చు. కానీ వాట్సాప్‌లో తిరిగే ముక్కలకు ఏ గుర్తూ ఉండదు. అక్కడ కాపలా మీరే.

అన్నం తినకపోతే బూచోడు వస్తాడని మనమే బెదిరిస్తాం, రాత్రి వాడు భయపడితే మనమే కసురుకుంటాం. ఆ మొదటిది మానేద్దాం.

పిల్లలు ఇప్పటికే చూసేసి ఉంటే తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పరు. పక్కన కూర్చుని, "ఏం చూసినవ్? ఎక్కడ భయమైంది?" అని అడిగి, చివరిదాకా వినండి. ఇంట్లో నాయనమ్మో తాతయ్యో ఉంటే ఆ కథ వాళ్ళతో చెప్పించండి.

సెలవుల్లో వీలైతే గద్వాల వెళ్ళి రండి, మహబూబ్‌నగర్ నుంచి రైలుంది. పగటి వెలుగులో కోట చూపించండి. అక్కడి నేత చీరలు చూపించండి. తిరిగొచ్చాక మా అమ్మాయిని ఎవరూ "దయ్యం ఊరు" అనరు.

ఈ రోజు సాయంత్రం మాత్రం, డైరీకన్నా ముందు ఒకసారి వాటర్ బాటిల్ ఎత్తి చూడండి.