నెర్రెల నేలలో పచ్చదనం

నంద్యాల నుంచి ఎర్రగుంట్ల వెళ్లే రైల్లో కిటికీ పక్కన చోటు దొరికితే కుందూ నది సీమ రంగులన్నీ కనిపిస్తాయి. ఊరు దాటేదాకా కర్నూలు-కడప (కె.సి.) కెనాల్ నీళ్లు అందే పొలాల పచ్చదనం. బనగానపల్లె దాటాక కంటికి ఆనేదంతా నల్లరేగడి. 2016లో ఈ లైను మీద ప్రయాణికుల బండ్లు మొదలయ్యాయి. సంజామలకూ కోవెలకుంట్లకూ రైలు దిగి నడిచిపోయే వీలు అప్పుడే కలిగింది.

నేను వెళ్లింది ఉగాది ముందు. శనగ కోతలు ముగిసి చేలు ఖాళీగా ఉన్నాయి. రోడ్ల పక్కన, బడుల ఆవరణల్లో, ఆఫీసుల ముందు ప్రజల డబ్బుతో నాటే మొక్కలు ఎండాకాలాన్ని ఎలా దాటుతున్నాయో చూడాలన్నది నా కోరిక. జులైలో మొక్క నాటి ఫొటో దిగడం అందరం చూసేదే. ఆ మొక్క బతికిందో లేదో తెలిసేది మే నెలలో.

సంజామల స్టేషన్‌లో దిగి ఊరివైపు నడుస్తుంటే రోడ్డు వారన ఒక పెద్దాయన మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. సైకిలుకు రెండువైపులా ప్లాస్టిక్ బిందెలు, చేతిలో చిన్న పార. నీళ్లు వెంటనే పోయలేదు. మొక్క చుట్టూ అరచేయి పట్టేంత వెడల్పున విచ్చుకున్న నెర్రెలను ముందు పారతో మట్టి లాగి పూడ్చాడు. ఎందుకలా అని అడిగాను.

“నెర్రె పూడ్చకుంటే యాడ నిలుస్తాయి సార్ నీళ్లు? బిందె పోసినా సర్రున లోపలికి పోతాయి. చెట్టుకు ఒక్క చుక్క అందదు” అన్నాడు.

రేగడి స్వభావం అంతే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పగిలేటప్పుడు లేత వేళ్లను కూడా తెంపుతుంది. పెద్దాయన నీళ్లు నిదానంగా పోసి, అవి ఇంకాక గోనెసంచిలోంచి శనగ పొట్టు తీసి మొదలు చుట్టూ మందంగా పరిచాడు. రెండు రోజుల కింద అలాగే పొట్టు కప్పిన ఇంకో మొక్క దగ్గరికి నన్ను తీసుకుపోయి వేలు పెట్టి చూడమన్నాడు. పొట్టు కింద మట్టి చల్లగా ఉంది, గోళ్లకు అంటుకుంది. పొట్టు చాలక కప్పని పక్క మొక్క దగ్గర నేల గోరు కూడా దిగనంత గట్టిపడింది. ఆ రెండు మొక్కలకూ ఒకేరోజు నీళ్లు పోశాడట.

ఈ సీమలో శనగ పండేదే ఈ తడితో. వానలు వెనకబట్టాక, అక్టోబరు ప్రాంతంలో విత్తనం పడుతుంది. ఆ తర్వాత చాలా చేలకు నీళ్లు కట్టేది ఉండదు. రేగడి లోపల దాచుకున్న తేమతో, చలికాలపు మంచుతో పంట చేతికొస్తుంది. నేలలో తేమను ఎలా దాచాలో ఇక్కడి సేద్యగాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మరి అదే ఊళ్లో పార్కు వేసేటప్పుడు ఆ తెలివి ఎందుకు అక్కరకు రాదు? నన్ను ఈ దారి పొడవునా వేధించిన ప్రశ్న ఇదే.

ఎందుకంటే ఈ ప్రయాణంలోనే మరోచోట, ఊరి పేరు అనవసరం, ఒక కార్యాలయం ముందు పచ్చిక చూశాను. మిట్టమధ్యాహ్నం రబ్బరు పైపుతో నీళ్లు చిమ్ముతున్నారు. సగం నీళ్లు గాలికి, సగం సిమెంటు బాటకు. అయినా గడ్డి పసుపుబారే ఉంది. లెక్క వేసి చూడండి. నూరు చదరపు మీటర్ల పచ్చికకు ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లే చాలనుకున్నా 500 లీటర్లు కావాలి. అదే జాగాలో 30 పొదలు, చెట్లు పెట్టి, గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పరు ఒక్కోదానికి ఒకటి అమర్చి రెండు గంటలు నడిపితే ఖర్చయ్యేది 240 లీటర్లు. అదీ రోజూ కాదు, వేర్లు దిగిన మొక్కకు వారానికి రెండుసార్లు చాలు. రేగడిలో నీళ్లు ఇసుకనేలలో లాగా నిలువుగా కారిపోవు, అడ్డంగా పాకుతాయి. కాబట్టి ఎక్కువ డ్రిప్పర్లు కూడా అక్కర్లేదు.

డ్రిప్పు మనకు కొత్తదేం కాదు. సూక్ష్మసేద్య పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే మొదలైంది. రాయలసీమ రైతు చీనీ, అరటి తోటల్లో ఫిల్టరు కడగడం, బోరు నీటి ఉప్పు పేరుకున్న పైపులకు యాసిడ్ పట్టించడం నేర్చుకుని ఏళ్లయింది. పార్కుల్లో ఆ ఫిల్టరు కడిగే మనిషి ఉండడు. గుత్తేదారు పైపులు పరిచి బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. పేరుకు డ్రిప్పు ఉంటుంది, నీళ్లు మాత్రం ట్యాంకరుతోనే. ఇది డబ్బులేక జరిగేది కాదు, బాధ్యత ఎవరిదో రాసిపెట్టక జరిగేది. అందుకే కోపం వస్తుంది.

సంజామల నుంచి కోవెలకుంట్ల మీదుగా కుందూ దాటి ఆళ్లగడ్డకు బస్సులో పోయాను. అక్కడ 40వ నంబరు జాతీయ రహదారి మధ్య గట్టు మీద గన్నేరు, కాగితపు పూలు ఆ ఎండలోనూ విరగబూశాయి. గన్నేరు ఆకు మైనం పూసినట్టుంటుంది. దాని శ్వాసరంధ్రాలు ఆకు అడుగున నూగుతో నిండిన గుంటల్లో దాగి ఉంటాయి కనుక తేమ తొందరగా బయటికి పోదు. కాగితపు పూలచెట్టుకు నీళ్లు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది. ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు కళ్లలో పడకుండా ఆపడం కూడా వీటి పనే. గన్నేరు విషం కాబట్టి పశువులు ముట్టవు. ఆ కారణానికే బడి ఆవరణలో మాత్రం అది వద్దు.

ఎండకు ఓర్చుకుంటే చాలదు అన్నందుకు కోనోకార్పస్ సాక్ష్యం. నీళ్లు లేకున్నా పచ్చగా నిలుస్తుందని చాలా తెలుగు పట్టణాల్లో డివైడర్ల మీద నాటారు. తర్వాత పుప్పొడి గురించీ, భూమిలోని పైపులను పట్టే వేళ్ల గురించీ ఫిర్యాదులొచ్చాయి. 2023లో గుజరాత్ దాన్ని నిషేధించింది. సంజామల లాంటి చోట నన్నడిగితే మొదట కానుగ అంటాను. వానల్లో రేగడి మీద నీళ్లు నిలిచినా, వేసవిలో పగిలినా రెంటికీ తట్టుకుంటుంది. నీళ్లు నిలవని మిట్ట మీద వేప, అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం కూడా. కంచె వెంబడి తంగేడు, వాక్కాయ. రేల ఒకటీ అరా ఉంటే మే నెలలో పూలకు కొదవ ఉండదు.

మళ్లీ పచ్చిక సంగతికొస్తే, అమెరికాలో నెవాడా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. లాస్ వెగాస్ ప్రాంతంలో ఎవరూ కూర్చోని, ఆడని అలంకారపు పచ్చికకు 2027 నుంచి కొలరాడో నది నీళ్లు ఇవ్వరు. అంత డబ్బున్న ఊరే గడ్డి పీకేస్తుంటే, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లలో మనం గడ్డి పరుస్తున్నాం.

ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేసే చోటికి పోకుండా రాలేకపోయాను. ఉలి కింద రాలిన రాతి పెచ్చులు షెడ్ల పక్కన కుప్పలు పడి ఉన్నాయి. ఇవేం చేస్తారని అడిగితే, “పునాదుల్లో పోసుకునేదానికి ఎవురన్నా తీసకపోతారు సార్, మిగిలింది ఆడనే” అన్నాడు ఒక కుర్రాడు. శనగ పొట్టు ఒక వానకు మురిగిపోతుంది, గాలికి ఎగిరిపోతుంది. మొదలు చుట్టూ జానెడు వదిలి ఈ పెచ్చులు పరిస్తే ఏళ్లపాటు తేమను కాపాడతాయి, నెర్రెలూ తగ్గుతాయి. సంజామలకు ఒక ట్రాక్టరు బాడుగ ఎంతవుతుందో ఆ కుర్రాడినే కనుక్కున్నాను. అక్కడి బడి ముందున్న కానుగ మొక్కలకు ముందుగా వేసి చూద్దామని, సంజామలలో నీళ్లు పోస్తూ కనిపించిన పెద్దాయనతో తర్వాత చెబితే సరేనన్నాడు. పంచాయతీ తరఫున బాడుగ ఇచ్చేందుకు తీర్మానం కావాలి, అది వచ్చే సమావేశంలో పెడతామని పంచాయతీవాళ్లు అన్నారు.