రెండో భాగానికి ఏం కావాలి?

మా కనిగిరిలో స్పై సినిమా చూసొచ్చిన కుర్రాళ్లు టీ కొట్టు దగ్గర ముందు చెప్పుకునేది ఫైట్ల గురించే. మర్నాటికి మాత్రం "ద్రోహి వాడేనని నీకు ముందే తెలిసిందా?" అన్న మాటొక్కటే మిగులుతుంది.

2018లో 'గూఢచారి' నచ్చింది అందుకే. తండ్రి కోసం ఏజెంట్ అయినవాడికి చివరికి ఆ తండ్రే శత్రువై ఎదురుపడతాడు. కానీ ఆ దెబ్బ రెండోసారి కొట్టలేరు. సీక్వెల్‌కి కష్టమంతా అక్కడే. ఈసారి మనం టీ తెచ్చే కుర్రాణ్ణి కూడా అనుమానిస్తాం.

ట్విస్టు పనిచేయదని ఫైట్లు పెంచినా లాభం లేదు. 'వార్ 2'లో హృతిక్, ఎన్టీఆర్ ఇద్దరూ ఉన్నారు, కారు, రైలు, విమానం ఏదీ వదల్లేదు. అయినా ఎవరికేం పోతుందో నాకు పట్టలేదు. అదే 'మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్'లో టామ్ క్రూజ్ మేడ మీంచి మేడ మీదికి దూకి నిజంగానే చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆ షాట్ సినిమాలో అలాగే ఉంచారు. ఆ కుంటడం ముందు పేలుళ్లు దండగ.

స్పై సీక్వెల్ తీసేవాళ్లకి ఒకటే మనవి. షూటింగ్‌కి రెండు దేశాలు తగ్గించండి, పర్లేదు. హీరోకి ఏం పోతుందో మాత్రం మొదటి పావుగంటలోనే చెప్పండి.