పక్క సీటు పొరుగువాడు

జహీరాబాదు, సదాశివపేట, సంగారెడ్డి మీదుగా వచ్చే జాతీయ రహదారి ముత్తంగి వద్ద ఔటర్ రింగ్ రోడ్డును కలుస్తుంది. ఆ కూడలికి రాత్రి, పగలు అనే తేడా లేదు. పాశమైలారం, ఇస్నాపూరు ఫ్యాక్టరీల నుండి షిఫ్టు ముగించుకున్న కార్మికులతో బస్సులు వస్తూనే ఉంటాయి. సరుకు లారీలు వరుస కట్టి ఉంటాయి. గాలి వాటాన్ని బట్టి మందుల కర్మాగారాల ఘాటు వాసన ముక్కును తాకుతుంది. వీటన్నిటి మధ్య, పైకప్పు మీద సూట్‌కేసులను తాళ్ళతో బిగించి కట్టిన కార్లు రింగ్ రోడ్డు ఎక్కి దక్షిణానికి తిరుగుతాయి. కొల్లూరు, కోకాపేట, నార్సింగి దాటుకుంటూ సుమారు 45 కిలోమీటర్లు పోతే శంషాబాదు విమానాశ్రయం.

1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరు చెంత ఇక్రిశాట్ వెలిసినప్పుడు ఈ ప్రాంతంలో విమాన ప్రయాణమంటే పెద్ద అధికారుల, విదేశీ శాస్త్రవేత్తల వ్యవహారం. బేగంపేట విమానాశ్రయం వారికోసమే ఉన్నట్లుండేది. 2008 మార్చి 23న శంషాబాదు నుండి విమానాలు మొదలయ్యాయి. తర్వాత రింగ్ రోడ్డు పటాన్‌చెరు దాకా వచ్చింది. నేడు మన వీధిలో విమానం ఎక్కినవారు లేని ఇల్లు వెతకవలసిందే. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు లేతు యంత్రం మీద పనిచేసి, పదవీ విరమణ సొమ్ముతో ఉమ్రాకు బయలుదేరే పెద్దాయన, దమ్మాములో వెల్డరుగా చేరబోయే ఐటీఐ కుర్రవాడు, ఇంటి నుండి కబురందితే తప్ప రైలు మాని విమానం ఎక్కని బీహారు, ఒడిశా కార్మికుడు, అందరూ ఒకే వరుసలో నిలబడుతున్నారు. మన తాతల కాలంలో హజ్ యాత్ర బొంబాయి నుండి ఓడ మీద సాగేది. రోజుల తరబడి ఒకే కప్పు కింద ఉండేవారు కాబట్టి తోటివారితో సర్దుకుపోవడం తప్పేది కాదు. ఆ ఓడ ప్రయాణం 1995తో ఆగిపోయింది. ఇప్పుడు జిద్దా చేరడానికి కొన్ని గంటలు చాలు. ఆ కొన్ని గంటలు పక్కవాడిని భరించడం మాత్రం మనకు కష్టమైపోయింది.

కష్టం ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది. ఒక్కరు ఉమ్రాకు పోతుంటే ముప్పై మంది సాగనంపడానికి బయలుదేరుతారు. ప్రేమ కాదనలేము. కానీ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు అనుమతి లేదు కనుక అందరూ రెండు కార్లలో ఇరుక్కుంటారు. టెర్మినల్ లోపలికి టికెట్టు లేనివారిని రానివ్వరు కనుక కౌగిలింతలన్నీ రోడ్డు అంచునే, వెనుక కార్ల హారన్ల మధ్య జరుగుతాయి. ఖాలా మెడలోని జరీ దండ ఎవరు తీయాలి, పాస్‌పోర్టు ఏ సంచీలో ఉంది, ఫొటో ఇంకా దిగలేదే! ఈ లోపల సమయం జారిపోతుంది. చేతికి ఇమామ్ జామిన్ కట్టే ఆచారాన్ని కూడా అక్కడే చూశాము. దానికి షరీఅత్‌లో ఆధారం లేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా వదలడం లేదు. ప్రయాణపు దుఆ చదివించడం మాత్రం హడావుడిలో మరచిపోతున్నారు.

భద్రతా తనిఖీ గురించి మొదటిసారి వెళ్ళేవారికి ముందే చెప్పి పంపాలి. 2006 ఆగస్టులో లండన్‌లో విమానాలను ద్రవ రూపంలోని పేలుడు పదార్థాలతో కూల్చే కుట్ర బయటపడింది. నాటి నుండి అంతర్జాతీయ ప్రయాణాలలో చేతి సంచీలోకి 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలోని ద్రవాన్ని అనుమతించడం లేదు. అత్తరు చిన్న సీసా పోతుంది, ఇంటి తేనె పెద్ద సీసా ఆగిపోతుంది. ఫోను చార్జింగుకు వాడే పవర్ బ్యాంకుది దీనికి తలకిందుల నియమం. అది చేతి సంచీలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. తిరుగు ప్రయాణంలో జమ్‌జమ్ నీటిని సూట్‌కేసులో దాచి తేవడానికి వీల్లేదు. 5 లీటర్ల ప్యాకింగుకు వేరే ఏర్పాటు ఉన్నది. ఈ నాలుగు మాటలు ఇంట్లోనే చెబితే, తనిఖీ బల్ల దగ్గర పెద్దావిడ తేనె సీసా కోసం కన్నీళ్ళు పెట్టుకోవలసిన అవసరం రాదు. బురఖా ధరించిన స్త్రీలను తెర చాటున మహిళా సిబ్బందే పరీక్షిస్తారు, బెంగ పడనక్కరలేదు.

ఇహ్రామ్ ధరించిన మా ఖాలూను నడుము బెల్టు తీసి ట్రేలో వేయమన్నారు. కింది వస్త్రం జారిపోతుందేమోనని ఆయన రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. చేతులు చాపితే గాని తనిఖీ జరగదు. వెనుక వరుసలో ఉన్నవారు "త్వరగా కానివ్వండి బాబా" అని విసుక్కోసాగారు. ఆ సీఐఎస్ఎఫ్ జవాను ఎక్కడివాడో తెలియదు. ఆయనను పక్కకు తీసుకువెళ్ళి, ఒక చేతితో వస్త్రం పట్టుకోనిచ్చి రెండో వైపు, తిరిగి ఈ చేతితో పట్టుకోనిచ్చి మొదటి వైపు తనిఖీ పూర్తి చేశాడు. ఒక నిమిషం అదనంగా పట్టి ఉంటుంది. విసుక్కున్నవారిలో ఇహ్రామ్‌లో ఉన్నవారు కూడా ఉన్నారు. హజ్ సంకల్పం చేసుకున్నవారికి జగడం నిషిద్ధమని అల్ బఖరా సూరా చెబుతున్నది. ఉమ్రా ఇహ్రామ్‌లో ఉన్నవారికి అదే మర్యాద వర్తించదా?

అన్ నిసా సూరాలో ఎవరెవరి పట్ల మంచిగా మెలగాలో చెప్పే ఒక ఆయత్ ఉన్నది. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలు, దగ్గరి పొరుగువాడు, పరాయి పొరుగువాడు. ఆ వరుసలోనే 'పక్కనుండే సహచరుడు' అనే మాట వస్తుంది. మౌలానా మౌదూదీ వంటి వ్యాఖ్యాతలు ఈ మాటలోకి చిరకాల స్నేహితుడినే గాక, బజారు దారిలో కాసేపు పక్కన నడిచినవాడిని, ప్రయాణంలో తోడైనవాడిని కూడా చేర్చారు. అంటే 22 ఏ సీటులో కూర్చున్న మనకు 22 బి సీటువాడు గంటన్నర పొరుగువాడు. అతని మతం ఏదని, ఊరు ఏదని ఆయత్ అడగలేదు. మధ్యలోని చేతి ఆనుడు కొయ్య ఎవరిది, సీటు వెనక్కి ఎంత వాల్చవచ్చు, ఫోనులో ఖిరాఅత్ అయినా సరే ఇయర్‌ఫోను లేకుండా వినవచ్చా, వీటికి విమాన సంస్థల పుస్తకాలలో జవాబు వెతకడం కన్నా ఆ ఆయత్‌లో వెతకడం తేలిక.

సీట్ల మార్పిడి మాట ప్రత్యేకంగా చెప్పాలి. సీటు ఎంచుకోవడానికి అనేక సంస్థలు ఇప్పుడు విడిగా రుసుము తీసుకుంటున్నాయి. అది కట్టని కుటుంబం చెల్లాచెదురవుతుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలను, ఒకే టికెట్టు మీద ఉన్న తల్లికో తండ్రికో పక్కన కూర్చోబెట్టాలని 2024లో డీజీసీఏ ఆదేశించింది. ఈ సంగతి చెప్పి కౌంటరు వద్దనే అడగవచ్చు. మన స్త్రీలు పరాయి పురుషుని పక్కన కూర్చోవడానికి ఇబ్బంది పడతారు. అది అర్థం కానిది కాదు. అయితే డబ్బు కట్టి కిటికీ సీటు తీసుకున్న మనిషిని నిలబెట్టి, "మా ఇంటివాళ్ళు, మీరు లేవాలి" అనడం వేరు, అడగడం వేరు. కూర్చున్నవానిని లేపి ఆ చోట కూర్చోవద్దని, దానికి బదులు కాస్త చోటు చేసుకోమని మహాప్రవక్త (స) బోధించారు. అడిగితే చాలామంది ఇస్తారు. ఇవ్వనివారికీ సలాము చేసి మన చోటికి మనం రావాలి.

ఇక వుజూ. విమానంలోని మరుగుదొడ్డి రెండు అడుగుల గది. అందులో కాళ్ళు ఎత్తి సింకులో కడిగితే నేలంతా మడుగు అవుతుంది. తరువాత వచ్చేవాడు మేజోళ్ళతో అడుగు పెడతాడు. మహాప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. ఇంట్లో వుజూ చేసుకుని తోలు మేజోళ్ళు తొడుక్కుంటే ప్రయాణికుడు మూడు పగళ్ళు, మూడు రాత్రులు వాటిపై మసహ్ చేయవచ్చు. ఇంతటి సౌలభ్యాన్ని అల్లాహ్ ప్రసాదించగా, మనం నేల తడిపి తుడవకుండా రావడం ఏ భక్తి? విమానం ఎక్కక ముందే నమాజు వేళ ప్రవేశిస్తే అక్కడే ఖస్ర్ చేసుకోవడం మేలు. లోపల చేయవలసి వస్తే భోజనాల బండి తిరిగే వేళ చూసుకుని, సిబ్బందికి ఒక మాట చెప్పాలి. రెండు నమాజులు కలిపి చేసే విషయంలో మజ్‌హబుల మధ్య భేదమున్నది కనుక బయలుదేరే ముందే ఇమాము గారిని అడిగి తెలుసుకోవాలి.

ఇవన్నీ విమానం వేళకు కదిలినప్పటి మర్యాదలు. అసలు పరీక్ష కదలనప్పుడు వస్తుంది. ప్రయాణం ఒక విధమైన యాతన అని, అది మనిషికి తిండి, నీరు, నిద్ర దూరం చేస్తుందని హదీసులో ఉన్నది. శంషాబాదులో ఒక ఉదయం ఆ మూడూ దూరమైనాయి. మేము భువనేశ్వర్ వెళ్ళవలసిన విమానం మొదట గంట, తరువాత రెండు గంటలు, చివరికి నాలుగు గంటలు ఆలస్యమన్నారు. కారణం అడిగితే ప్రతిసారీ కొత్తది చెప్పారు.

మా పక్క కుర్చీలో పాశమైలారంలోని ఒక కర్మాగారంలో పనిచేసే యువకుడు కూర్చుని ఉన్నాడు. బాలేశ్వర్ దగ్గరి పల్లెటూరు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. రాత్రి తండ్రి చనిపోయాడు. రైలుకైతే మరుసటి రోజు అవుతుందని గదిలో ఉండే తోటి కార్మికులు డబ్బు పోగుచేసి టికెట్టు కొన్నారట. ఇంటికి పెద్ద కొడుకు, చితికి నిప్పు పెట్టవలసినవాడు. భువనేశ్వర్ నుండి మళ్ళీ బస్సులో కొన్ని గంటలు పోవాలి. సాయంత్రం దాకా మాత్రమే ఆగగలమని ఇంటివారు ఫోను చేస్తున్నారు. "చాచా, ఇది ఎప్పుడు లేస్తుంది?" అని పది నిమిషాలకొకసారి అడిగాడు. బోర్డు మీది ఇంగ్లీషు అతనికి చదవరాదు. కౌంటరు వద్దకు పోయి అడిగే ధైర్యమూ లేదు.

ధైర్యం ఉన్నవారంతా అక్కడే ఉన్నారు. ఇరవై రెండేళ్ళు కూడా ఉండని ఒక అమ్మాయి కౌంటరు వెనుక నిలబడి ఉండగా పాతిక మంది ఆమెను చుట్టుముట్టి అరుస్తున్నారు. విమానాన్ని ఆలస్యం చేసింది ఆమె కాదని అందరికీ తెలుసు. ఆ గుంపులో అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు ఆ తెల్లవారుజామున మా భుజానికి భుజం తగిలించి ఫజ్ర్ నమాజు చేసినవాడు. తన కుమారునికి గొంతు తగ్గించుకొమ్మని హజ్రత్ లుఖ్మాన్ చెప్పిన మాట మేము అతనికి అప్పుడు గుర్తు చేయలేదు. "భాయ్ సాబ్, ఇక్కడ మనకంటే పెద్ద కష్టంలో ఒకడున్నాడు, కాస్త దారి ఇవ్వండి" అన్నాము. అతడు చప్పున తగ్గాడు.

సహనమంటే నోరు మూసుకుని కూర్చోవడమని మేము అనడం లేదు. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి విమానం రెండు గంటలు దాటి ఆలస్యమైతే ఆహారం, పానీయాలు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. ఆలస్యం ఆరు గంటలు మించేటట్లయితే వేరే విమానమో, పూర్తి సొమ్మో కోరవచ్చు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు దేశమంతటా వేల సంఖ్యలో రద్దయినప్పుడు ఈ నిబంధనలు తెలిసినవారికీ, తెలియనివారికీ తేడా కనిపించింది. హక్కును అడగాలి, వ్రాతపూర్వకంగా అడగాలి. దానికి అరుపు అక్కరలేదు.

ఆ అమ్మాయి మా మాట విని కంప్యూటరులో చాలాసేపు వెతికింది. వేరే సంస్థ విమానంలో ఖాళీ దొరకలేదు. "ఇతని సీటు ఇరవై ఎనిమిదో వరుస. ముందు వరుసలో ఉంటే కనీసం మొదట దిగుతాడు, కానీ ముందువన్నీ అమ్ముడైనాయి" అన్నది. మా వెనుక నిలబడి వింటున్న ఒక మధ్యవయస్కురాలు, బొట్టు పెట్టుకున్న తెలుగావిడ, తన బోర్డింగ్ పాసు ముందుకు చాపింది. అది మొదటి వరుస. ఎవరూ ఆమెను అడగలేదు. ఆ అమ్మాయి రెండు పాసులూ మార్చి ముద్రించి, భోజనపు కూపను, ఒక నీళ్ళ సీసా అతని చేతిలో పెట్టింది. అతడు నీళ్ళు తాగాడు, కూపను జేబులో పెట్టుకున్నాడు.

విమానం భువనేశ్వర్‌లో నేల తాకిందో లేదో, బెల్టు గుర్తు ఆరకముందే సగం మంది లేచి నిలబడ్డారు. తలమీది అరలు తెరుచుకున్నాయి, ఒకరి సంచీ మరొకరి భుజానికి తగిలింది. తలుపు తెరవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ముందుకు పోవడానికి దారి లేదని తెలిసీ అందరూ మెడలు వంచుకుని నిలబడే ఉన్నారు. ఇరవై ఎనిమిదో వరుసలో ఆ తెలుగావిడ మాత్రం కూర్చునే ఉన్నది.

మేము సామాన్ల బెల్టు దగ్గరికి చేరి, ట్రాలీలు అడ్డం పెట్టుకుని నిలబడిన గుంపు వెనుక మా వంతు కోసం ఆగాము. ఆ యువకుని కోసం చూశాము, కనిపించలేదు. బెల్టు మీద రావలసిన సామాను అతనికి ఏదీ లేదు. ఒక గుడ్డ సంచీతోనే వచ్చాడు.