పాకం పట్టేదాకా

ఉజ్జీవ సభల పోస్టర్లు చూస్తే ఒళ్లు మండుతుంది. మూడు రాత్రులు కూర్చుంటే చాలట, స్వభావం మారిపోతుందట. స్వస్థతల సంగతి నేనెత్తను, అది వేరే గొడవ. కానీ క్రీస్తు పోలిక మూడు రాత్రుల్లో వస్తుందన్న మాటను అనకాపల్లి వైపు రావికమతం చుట్టుపక్కల నమ్మించాలంటే కష్టపడాలి. చెరకు వేసినవాడు గానుగ దాకా రావడానికే ఏడాది కనిపెట్టుకుని ఉండాలి మరి.

పాత తెలుగు బైబిలంటే నాకు పక్షపాతం ఉంది, దాచను. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో శ్రమ ఓర్పును పుట్టిస్తుందని, ఓర్పు మరొకదాన్ని, అది నిరీక్షణను పుట్టిస్తాయని పౌలు రాశాడు. ఆ మధ్యలోదాన్ని ఈ కాలపు ఇంగ్లీషు బైబిళ్లు చాలావరకు ‘క్యారెక్టర్’ అంటాయి. మన పాత బైబిల్లో ఉన్న మాట ‘పరీక్ష’. పొరపాటేమో అనిపిస్తుంది గానీ, గ్రీకు మూలంలోని ‘దొకిమే’ పరీక్షకు నిలిచి మేలిమి అని తేలిన స్థితిని చెప్పే మాట. దాని కుదురులోంచి వచ్చిన మాటనే చెల్లే నాణేలకూ వాడేవారు. ఇక ‘క్యారెక్టర్’కు మూలమైన గ్రీకు మాటకు ముద్ర అని అర్థం. కొత్త నిబంధన మొత్తంలో అది ఒక్కసారే, హెబ్రీ పత్రిక మొదట్లో, అదీ కుమారుని గురించే వస్తుంది. మనవాళ్లు దాన్ని ‘మూర్తిమంతము’ అన్నారు. ముద్ర ఆయనది, పరీక్ష మనది. ఇలాంటి మాటల కోసం మనుషులు ఎంత కాలం పెట్టారో! 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజిలు ఆనందరాయర్ సాయంతో సువార్తల తర్జుమాకు పూనుకున్నారు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ లేరు.

గానుగ అన్నాను కదా, ఇక బెల్లం దగ్గరికి వద్దాం. కొట్టిన చెరకును వెంటనే ఆడకపోతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. పెనంలో రసం కాగుతుంటే మురికి తెట్టెకడుతుంది. ఒకసారి తీస్తే అయిపోదు, తీసినకొద్దీ వస్తూనే ఉంటుంది. దగ్గరపడ్డాక చన్నీళ్లలో ఓ చుక్క వేసి, వేళ్ల మధ్య ఉండ కడుతుందో లేదో చూస్తారు. అదీ పరీక్ష. ఇంత చేసినా అనకాపల్లి మార్కెట్ యార్డుకు వెళ్లేసరికి దిమ్మ పసుపుపచ్చగా ఉంటేనే ధర. అందుకే పెనంలో హైడ్రోస్ అనే రసాయనం పడుతుంది. రంగు నిమిషాల మీద తేలుతుంది, నిల్వలో మళ్లీ తిరుగుతుంది. సంఘంలోనూ ఇలాంటి రంగులున్నాయి: తెల్లబట్టలు, నగలు తీసిన మెడ, ప్రార్థనలో వణికే గొంతు, మాటమాటకీ ‘దేవునికి స్తోత్రం’. వీటిలో తప్పేమీ లేదు. కాకపోతే ఆదివారం యార్డులో ధర పలికేది ఇవే. ధర ఎక్కడుంటే సరుకు అక్కడికే పోతుంది కదా!

ఇదంతా క్రియల బోధ, మరి కృప ఎక్కడుందని అడుగుతారు. అడగాల్సిందే. అయితే మంట తీపినివ్వదు. తీపి చేలోనే, ఎండా నీళ్లూ పడినప్పుడే వచ్చేసింది. వంటలో పోయేది నీరూ మురికీ. గలతీ పత్రికలో పౌలు వాడిన మాట ‘ఫలము’, అదీ ఏకవచనం. ప్రేమ నాది, ఆశానిగ్రహం పక్కింటాయనది అని పంచుకోవడానికి లేదు. కృప ఉందిగా అని మంట ఆర్పేసేవాళ్ల కృపకు జర్మన్ వేదాంతి బోన్‌హోఫర్ 1937లోనే ‘చవక కృప’ అని పేరు పెట్టాడు. శ్రమ కొందరిని చేదుగా మారుస్తుందన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. నిజమే, కలియబెట్టేవాడు లేకపోతే పాకం అడుగంటుతుంది. అడుగంటినవాణ్ని చూసి ‘విశ్వాసం చాలలేదు’ అనే సంఘం, తెడ్డు ఎవరి చేతిలో ఉండాలో మరిచిపోయిన సంఘం. అప్పుల్లో మునిగిన రైతుకి వాక్యం చదివి వినిపించి వెళ్లిపోతే కలియబెట్టినట్టు కాదు.

మరి పాకం పట్టిందీ లేనిదీ చూసేదెవరు? పాస్టరుగారు అనుకుంటాం. తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం ఆ పనిని ఆయన ఒక్కడికే వదల్లేదు. అధ్యక్షుడిగా ఉండేవాడికి సంఘం బయటివాళ్ల దగ్గర మంచి పేరుండాలంది. రావికమతం లాంటి చోట బయటివాళ్లంటే ఎవరో కాదు: కిరాణా కొట్టాయన, పొలం గట్టు పంచుకున్నవాడు, చెరకు నరకడానికి వచ్చే కూలీలు. ఈసారి ఎవరినైనా సంఘపెద్దగా నిలబెట్టేముందు, సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడ్డాయో లేదో ఆ కూలీలను ఒక్క మాట అడగండి.