రాసుకుని రండి

పోలీస్ స్టేషన్ కావచ్చు, తాసిల్దారు ఆఫీసు కావచ్చు, కరెంటాఫీసు కావచ్చు. కష్టం చెప్పుకోడానికి వెళ్ళిన మామూలు మనిషికి అక్కడ మొదట వినపడే మాట ఒకటే: "అర్జీ రాసుకుని రండి." నోటిదాకా వచ్చిన మాట అక్కడ ఆగిపోతుంది. ఆ మనిషి బయటికొచ్చి, చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసే ఆయన దగ్గర కూర్చుంటాడు. ఆయన రెండు ప్రశ్నలడిగి, "ఆర్యా, తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి, "కావున నాకు తగు న్యాయం చేయగలరని ప్రార్థన" అని ముగిస్తాడు. మధ్యలో నాలుగైదు వాక్యాలుంటాయి. అవి ఎవరి అర్జీలో పెట్టినా సరిపోతాయి.

ఖాళీ దొరికినప్పుడు కథల మీదా నవలల మీదా నాలుగు ముక్కలు రాస్తుండే అలవాటు వల్ల కాబోలు, ఈ అర్జీల్ని నేను ఒక ప్రక్రియగా చూస్తుంటాను. తెలుగులో ఇంత విస్తృతంగా రాయబడి, ఇంత తక్కువగా చదవబడే ప్రక్రియ ఇంకోటి లేదేమో. వీటిలో ఎప్పుడూ కనపడనిది ఆ అర్జీదారు గొంతు.

విచిత్రమేంటంటే, చట్టం ఇలా ఉండమని చెప్పలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ తీసి చూడండి. కాగ్నిజబుల్ నేరం గురించి ఎవరైనా నోటితో చెబితే, స్టేషన్ అధికారే దాన్ని రాసుకోవాలి, లేదా తన పర్యవేక్షణలో రాయించాలి. రాసింది చెప్పినవాళ్ళకి చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది కొత్తగా వచ్చిన సంస్కరణేమీ కాదు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్‌లోనూ ఉన్నదే. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ కూడా ఇదే ధోరణి. దరఖాస్తు రాయలేనివాళ్ళు నోటితో అడిగితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి సాయం చెయ్యాలి.

అంటే చెప్పడం మనవంతు, రాసుకోవడం వాళ్ళ వంతు. మన స్టేషన్లలో ఈ రాతపని చూసే కానిస్టేబుల్‌ని 'రైటర్' అనే పిలుస్తారు కూడా. రైటర్ ఉన్నచోట "రాసుకుని రండి" అనడమేంటో!

మా ఉద్యోగాల్లో ఇలా కుదరదు. కస్టమర్ ఫోన్ చేసి "మీ యాప్ పని చెయ్యట్లేదండీ" అంటాడు. అతనికి తెలిసింది అంతే. ఎప్పట్నుంచి, ఏం నొక్కితే, ఏ ఫోన్లో అని అడిగి టికెట్ రాసుకోవడం సపోర్ట్ వాళ్ళ పని. "లాగ్ ఫైల్ పట్టుకురండి" అని కస్టమర్‌ని వెనక్కి పంపితే మా మేనేజర్ ఊరుకోడు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో మా పెద్దమ్మ విషయంలో చూశాను. వాళ్ళ వీధిలో ఒకావిడ చీటీలు నడిపేది. ఇరవైమంది, నెలకి ఐదువేలు, లక్ష రూపాయల పాట చీటీ. పెద్దమ్మ పద్నాలుగు వాయిదాలు కట్టాక ఆవిడ రాత్రికి రాత్రే ఊరొదిలి వెళ్ళిపోయింది. స్టేషన్‌కి వెళ్తే, చెట్టు కింద రాయించుకొచ్చిన అర్జీ చూసి, "ఇది సివిల్ మేటరమ్మా, కోర్టులో తేల్చుకోండి" అన్నారు. ఆ అర్జీ నేనూ చదివాను. "సదరు వ్యక్తి నా వద్ద చీటీ డబ్బులు తీసుకొని మోసం చేసినది" అని ఉంది. అంతకుమించి ఏమీ లేదు. దాన్ని బట్టి చూస్తే అప్పు ఎగ్గొట్టడానికీ దీనికీ తేడా ఏంటో నాకూ తెలియలేదు.

ఓ ఆదివారం పెద్దమ్మ దగ్గర కూర్చుని, "మొదట్నుంచి చెప్పు పెద్దమ్మా, నేను రాసుకుంటా" అన్నాను. మొదట్నుంచి అంటే ఆవిడకి అక్క పెళ్ళి నుంచి. ఆ పెళ్ళిలో ఆ చీటీలావిడ ఎలా నడుం కట్టి పనిచేసిందో దగ్గర్నుంచి. నేను ఆపలేదు. వాయిదాల లెక్క అడిగితే వంటింట్లోంచి రెండు గోడ క్యాలెండర్లు తెచ్చింది. పాలు రాని రోజులకి సున్నాలు, గ్యాస్ బండ వచ్చిన రోజుకి గీత, చీటీ కట్టిన రోజున అంకె. పాట చీటీ కదా, ఏ నెలకానెల కట్టేది మారుతుంది. అన్నీ ఉన్నాయి. కూడితే 61,300.

గంటన్నర తర్వాత, అసలు ప్రస్తావనలో లేనట్టుగా ఒక మాటంది. "డబ్బు పోతే పోయింది నాన్నా. ఇల్లు అమ్మేసుకుని, అడ్వాన్సు కూడా పుచ్చేసుకుని, ఆ మూడోరోజు మా ఇంటికొచ్చి కాఫీ తాగి మరీ వాయిదా పట్టికెళ్ళింది. అదీ నాకు మింగుడు పడనిది."

ఆవిడ దాన్ని నమ్మకద్రోహంగా చెప్పింది. చట్టం దృష్టిలో అదే కీలకం. తీసుకున్న డబ్బు ఇవ్వలేకపోవడం ఒక్కటే మోసం కాదు. తీసుకునేటప్పుడే దగా చెయ్యాలన్న ఉద్దేశం ఉండటం మోసం. ఊరు వదలడానికి అన్నీ సిద్ధం చేసుకుని వచ్చి పట్టుకెళ్ళిన ఆ ఆఖరి వాయిదా, ఆ ఉద్దేశానికి ఆనవాలు. దానికి తోడు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇలాంటి చీటీకి ముందస్తు అనుమతీ రిజిస్ట్రేషనూ ఉండాలి, ఆవిడకి ఏదీ లేదు. సివిల్‌కీ క్రిమినల్‌కీ మధ్య గీత గీసే వాక్యం పెద్దమ్మ నోట్లోనే ఉంది. చెట్టు కింది ఆయన్ని తప్పుపట్టలేం. ఆయనకి గంటన్నర కూర్చునే వీలు లేదు. కూర్చోవలసినవాళ్ళు కూర్చోలేదు.

రావిశాస్త్రి విశాఖలో వకీలు. 'ఆరు సారా కథలు' మళ్ళీ తీసి చదివితే ఈసారి నాకు వేరేగా అనిపించింది. కేసు కాగితాల్లో చోటు దొరకని మాటలకి ఆయన కథల్లో చోటిచ్చాడేమో అని.

ఇంతకీ ఏం చేశామంటే, పెద్దమ్మ చెప్పిన వరసలోనే, ఆవిడ మాటల్లోనే, తేదీలతో రెండు పేజీలు రాశాం. క్యాలెండర్ల ఫొటో కాపీలు జతచేశాం. స్టేషన్‌లో తీసుకోకపోతే సమాచారం సారాంశాన్ని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపొచ్చని అదే 173వ సెక్షన్ చెబుతుంది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రసీదు బియ్యం డబ్బా మూతకింద దాచింది పెద్దమ్మ. కాగ్నిజబుల్ నేరం కనపడుతుంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరని, డబ్బు లావాదేవీల్లాంటి వాటిల్లో మాత్రం ముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు వారాలకి స్టేషన్ నుంచి కబురొచ్చింది.

ఈసారి పెద్దమ్మ "చదివి వినిపించు బాబూ" అని అడిగిందట. రైటర్ చదువుతుంటే మధ్యలో ఆపి, వాయిదాలు పన్నెండు కాదు, పద్నాలుగని దిద్దించిందట. అన్నిటికంటే నాకు ఆ దిద్దుబాటే నచ్చింది.

ప్రతి ఇంట్లోనూ క్యాలెండరూ, రాసిపెట్టే పిల్లాడూ ఉండరు. అందుకోసమే 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉంది. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందులోని 12వ సెక్షన్. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కి ఫోనైనా చెయ్యొచ్చు. అర్జీ రాయడం కూడా వాళ్ళు చేసే సాయంలో భాగమే. మా పెద్దమ్మకి ఆ సంగతి తెలీదు, ఆ వీధిలో మోసపోయిన మిగతావాళ్ళకీ తెలీదు.

డబ్బు ఇంకా రాలేదు. వస్తుందో రాదో చెప్పలేను. కేసు కోర్టుకెళ్ళింది, సాక్షిగా పిలుపు రావాలి. అక్కడ రాసుకెళ్ళింది చదివితే ఒప్పుకోరని, అన్నీ నోటితోనే చెప్పాలని వకీలుగారు చెప్పారట. మొన్న ఫోన్లో పెద్దమ్మ అడిగింది: "అయితే అక్కడ మొత్తం చెప్పనిస్తారా నాన్నా?"